వెనక మొదలయ్యే ఆట

బొబ్బిలి, 11 జూన్ 2024

రహీం సాబ్ పోయిన రోజు. 1963లో ఇదే తేదీన, జకార్తా ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకి బంగారు పతకం గెలిపించిన తొమ్మిది నెలలకే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కన్ను మూశారు. జబ్బు ఒంట్లో పెట్టుకునే ఆ జట్టును నడిపించారు. ఏప్రిల్‌లో 'మైదాన్' సినిమా వచ్చాక మా గ్రౌండ్ పిల్లలకి కూడా ఆయన పేరు తెలిసింది. సంతోషం. సినిమాలో గోల్స్ బాగా కనబడతాయి. ఆ గోల్ ఎక్కడ పుట్టిందో వెతకాలంటే బంతిని వెనక్కి తిప్పుకుంటూ మన గోలీ దాకా రావాలి. నాకు ఆసక్తి అక్కడ.

రహీం గారు హైదరాబాద్‌లో పెట్టిన పోటీల గురించి విన్నప్పటినుంచీ ఆయన మీద నా గౌరవం రెట్టింపయింది. కొన్ని పోటీల్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వచ్చిందా, ఇచ్చెయ్యాలి. ఇంకొన్నింటిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడి కాలివాడు ఎడమతో, ఎడమ కాలివాడు కుడితో. ఇందులో అందరికన్నా ఎక్కువ లాభపడేది వెనక ఆడేవాడు. ఎందుకంటే ఎదుటి ఫార్వర్డ్ ఎప్పుడూ వాడి మంచి కాలి వైపు నుంచే మీదికొస్తాడు. రెండో కాలు కూడా పనిచేస్తే ఆ ఫార్వర్డ్ పరుగంతా వృథా. ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ ఎత్తుకుపోయిందంటే, ఇలాంటి రోజువారీ సాధన దాని వెనక ఉంది.

15 జూన్

రాత్రి పన్నెండున్నరకి యూరో కప్పు మొదలైంది. జర్మనీ 5, స్కాట్లాండ్ 1. తెల్లారి టీ కొట్టు దగ్గర అందరూ గోల్స్ లెక్కే. నేను చూసింది టోనీ క్రూస్‌ని. 102 పాసులు ఇస్తే 101 చేరాయి.

క్రూస్ మిడ్‌ఫీల్డర్. అయినా బంతి తమ దగ్గరున్నంతసేపూ కిందికి దిగి, ఎడమ స్టాపర్ పక్కన, ఇంచుమించు లెఫ్ట్ బ్యాక్ నిలబడే చోట నిలబడ్డాడు. అక్కడ ఎవరూ మీద పడరు. ఎదురుగా మైదానమంతా కనబడుతుంది. లెఫ్ట్ బ్యాక్ పైకి వెళ్లిపోవచ్చు. ఒక్క మనిషి పది గజాలు వెనక్కి వచ్చినందుకు ముందున్న నలుగురికి చోటు దొరికింది. పిల్లలకి ఇది బొమ్మ గీసి చూపించాలి.

18 జూన్

బళ్లు తెరిచారు. సాయంత్రం గ్రౌండ్ నిండింది. జట్టు ఎలా వేస్తారో మళ్లీ చూశాను. ఊరు మారినా ఈ పద్ధతి మారదు. బాగా ఆడేవాళ్లు ఫార్వర్డ్. పరిగెత్తేవాళ్లు వింగ్. మిగిలినవాళ్లు బ్యాక్. లావుగా ఉంటే స్టాపర్, మరీ చిన్నవాడైతే గోలీ.

"నువ్వు ఎక్కడ ఆడతావురా?"

"నాకేటీ రాదు మాస్టారూ, బ్యాకులో నిలబడతాను."

ఈ మాటే నన్ను కలచివేస్తుంది. వాడి తప్పు కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో బలానికి పెద్ద పీట. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి కథలు వింటూ పెరిగాం. ఆమదాలవలస కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కంచు పతకం తెచ్చింది. మన విజయనగరం పక్కన కొండవెలగాడ బరువులెత్తే ఊరుగానే పేరు పడింది. ఇదంతా గర్వపడాల్సిందే. కాకపోతే ఆ చూపుతోనే ఫుట్‌బాల్ బ్యాక్‌ని ఎంచుతున్నాం. గట్టివాడు కావాలి, గట్టిగా తన్నాలి, అంతే. వాడి కళ్లు ఎలా ఉన్నాయని ఎవరూ అడగరు.

ఆట మొత్తంలో బంతితో ఎదురుగా చూస్తూ నిలబడగలిగేది వెనకవాళ్లే. ఫార్వర్డ్ సగం ఆట గోల్‌కి వీపు పెట్టి ఆడతాడు. మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నవాడికి నాలుగు వైపులా మనుషులు. స్టాపర్‌కి మాత్రం మైదానమంతా ముందే పరుచుకుని ఉంటుంది. అంత చూపున్న చోట చూడటం రానివాణ్ణి నిలబెడుతున్నాం.

20 జూన్

ఈ సాయంత్రం లెక్క. ఇద్దరు ఫార్వర్డ్‌లు మీదికొస్తే, ఇటు ఇద్దరు స్టాపర్లు, గోలీ. మూడుకి రెండు. ఒకడు ఎప్పుడూ ఖాళీ. వాణ్ణి వెతుక్కోవడమే మొదటి పని.

ఖాళీగా ఉన్నవాడికి బంతి చేరాక రెండో పని. వెంటనే పాస్ ఇవ్వకూడదు. బంతిని తోసుకుంటూ ముందుకు నడవాలి. ఎవరో ఒకడు తను కాపలా కాస్తున్నవాణ్ణి వదిలి ఎదురొచ్చేదాకా నడవాలి. ఎదురొచ్చాడా, వాడు వదిలేసినవాడికి పాస్. ఇంత చిన్న సూత్రం మీదే ఇవాళ్టి పెద్ద జట్ల బిల్డప్, అంటే వెనక నుంచి ఆట కట్టుకురావడం, నడుస్తోంది. ఎదుటివాడు రాకపోతే? ఇంకా ముందుకు నడవడమే.

కుర్రాళ్లకి అన్నిటికన్నా కష్టమైంది ఆ నడక. బంతి కాలి దగ్గర ఉంటే వెనకవాడికి భయం. అంతకన్నా ముందు గట్టు మీద నిలబడ్డ పెద్దవాళ్ల భయం. "తన్నీరా! మజ్జిలో ఏటా నాటకాలు!" అని కేక. కుర్రాడు తన్నేశాడు. బంతి కాలువలో పడింది.

25 జూన్

నిద్ర లేదు, అయినా రాయాలి.

ఇటలీ, క్రొయేషియా, లైప్‌జిగ్‌లో. క్రొయేషియా 1-0తో ముందుంది. ఇటలీకి డ్రా చాలు, అదీ రావడం లేదు. అదనపు సమయం కూడా అయిపోతోంది. 98వ నిమిషం. రికార్డో కాలఫియోరి, ఇరవై రెండేళ్ల స్టాపర్, తన సగంలోంచి బంతి తీసుకుని బయల్దేరాడు. ఒక్క తన్ను తంతే పెనాల్టీ బాక్సులో పడుతుంది. ఎవరైనా అదే చేస్తారు. వాడు తన్నలేదు. నడిచాడు, పరిగెత్తాడు, క్రొయేషియా మధ్యభాగం చీలిపోయింది. డిఫెండర్లు వాడి మీదికి మూగారు. అప్పుడు ఎడమ వైపు జక్కాన్యికి మెత్తగా ఇచ్చాడు. వాడు మూలలోకి వంచి కొట్టాడు. 1-1. ఇటలీ ముందుకు.

ఇదే కాలఫియోరి నాలుగు రోజుల కింద స్పెయిన్ మీద సొంత గోల్ వేసుకున్నాడు. ఆ ఒక్క గోల్‌తోనే ఇటలీ ఓడింది. మన ఊళ్లో అయితే ఆ కుర్రాణ్ణి మర్నాడు బెంచీ మీద కూర్చోబెడతారు, ఏడాదిపాటు ఆ మాటే అంటారు. కోచ్ స్పలెట్టి మళ్లీ వాణ్ణే దింపాడు. వాడి కాళ్ల మీద నమ్మకం పోలేదు కనకే చివరి క్షణంలో వాడు బంతిని తన్ని వదిలించుకోలేదు. బంతి ఆడే డిఫెండర్ తయారవ్వాలంటే ముందు తయారవ్వాల్సింది వాడి వెనక నిలబడే కోచ్.

ఈ ఆటను రికార్డింగ్‌లో పిల్లలకి చూపిస్తాను. గోల్ కాదు, దానికి ముందు నడక.

2 జూలై

వాన. గ్రౌండ్ మధ్యలో నీళ్లు, గోల్ ముందు బురద.

ఇలాంటి నేల మీద కింద నుంచి పాసులా అని అడిగేవాళ్ల ప్రశ్న న్యాయమైనదే. మాంచెస్టర్‌లో గడ్డి తివాచీలా ఉంటుంది, మనకి గులక రాయి తగిలి బంతి మోకాలెత్తు లేస్తుంది. అందుకని నేను పిల్లలకి ఒకటే చెబుతున్నాను. గోల్ ముందు అడ్డపాస్ వద్దు. అది నీటిలో ఆగిపోతే ఎదుటివాడికి గోల్ రాసిచ్చినట్టే. గట్టి నేల ఉన్న పక్కలకి బంతిని మీరే తీసుకెళ్లండి. బురదలో పాస్ కన్నా నడక నమ్మకం. అక్కడినుంచి చూసి పొడుగ్గా కొట్టినా తప్పు లేదు.

పొడుగు బంతి అంటే చిన్నచూపు వద్దు. రోనాల్డ్ కూమన్ స్టాపరే. బార్సిలోనాలో క్రైఫ్ శిక్షణలో నలభై గజాల బంతిని వింగర్ కాలి మీద పెట్టేవాడు. 1992లో వెంబ్లీలో సాంప్‌డోరియా మీద ఫ్రీకిక్‌తో యూరోపియన్ కప్పే గెలిపించాడు. ఎవరికి వెళ్తుందో తెలిసి కొట్టిన పొడుగు బంతి పాసే. ఎటో పోతే చాలని కొట్టింది మాత్రం ఎదుటి జట్టుకి ఇచ్చుకున్న బంతి.

4 జూలై

పిల్లల్లో సగం మంది రాలేదు. ఉభాలు మొదలయ్యాయి, మడుల్లో ఉన్నారు. వచ్చిన కొద్దిమందితో గోల్‌కిక్ సాధన.

రెండు నిబంధనల వయసు వాళ్లకి చెప్పాను. 1992కి ముందు బ్యాక్ తన గోలీకి కాలితో పాస్ ఇస్తే గోలీ చేత్తో పట్టేసేవాడు. ఎంతసేపైనా కాలం గడిపేవారు. చేత్తో పట్టకూడదన్నాక గోలీ కూడా కాలితో ఆడక తప్పలేదు, బ్యాక్ కూడా తలెత్తక తప్పలేదు. రెండోది 2019. అంతకుముందు గోల్‌కిక్ పెనాల్టీ బాక్సు దాటితేనే బంతి ఆటలోకి వచ్చినట్టు. ఇప్పుడు కదిలితే చాలు. స్టాపర్ బాక్సులోపలే, గోలీ పక్కనే నిలబడి అందుకోవచ్చు. ఎదుటివాళ్లు మాత్రం తన్నేదాకా బాక్సు బయటే ఉండాలి. అంటే మొదటి పాస్‌కి కొంత గడువును చట్టమే ఇచ్చింది. మన పిల్లల ఆటల్లో ఆ గడువును వాడుకునే జట్టు నాకు ఒక్కటీ కనబడలేదు. గోలీ బంతిని దించడం, శక్తి కొద్దీ తన్నడం, మధ్యలో ఇరవై మంది తలలెత్తి చూడటం.

9 జూలై

ఒంటి మలుపు గురించి. బంతి వస్తున్నప్పుడు పాదాలు ఎటు తిరిగి ఉన్నాయన్నదే సగం ఆట. పాస్ ఇచ్చేవాడి వైపు పూర్తిగా తిరిగి నిలబడితే వాడికే తిరిగివ్వగలం. పక్కకి ఓరగా నిలబడి, దూరంగా ఉన్న కాలితో ఆపుకుంటే ఒక్క తాకుడుతో ముందుకు తిరగొచ్చు.

ఎడమ స్టాపర్‌గా ఎడమ కాలివాడు ఎందుకన్నదీ ఇదే. కుడి కాలివాడు అక్కడుంటే ప్రతి బంతినీ లోపలికి లాక్కోవాలి, అక్కడే ఫార్వర్డ్ కాచుకుని ఉంటాడు. ఎడమ కాలివాడికి గీత వెంబడి దారి తెరిచి ఉంటుంది. ఈ ఏడాది మాకు ఎడమ కాలి కుర్రాడు ఒకడు దొరికాడు. వాడికి వింగ్ మీద మనసు. వాణ్ణి వెనక్కి రమ్మని అడగాలి. "ఎనక్కి దించీసినారేటి మాస్టారూ" అని మొహం ముడుచుకుంటాడు. చిన్నబుచ్చుకోకుండా ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

15 జూలై

స్పెయిన్ 2, ఇంగ్లండ్ 1. ఇవాళ ఆ ఎడమ కాలి కుర్రాడితో మాట్లాడటానికి సాక్ష్యం దొరికింది.

మొదటి గోల్: రైట్ బ్యాక్ కార్వహాల్ పాదం బయటి అంచుతో యమాల్‌కి అందించాడు, యమాల్ నుంచి నికో విలియమ్స్‌కి, గోల్. రెండోది 86వ నిమిషంలో, లెఫ్ట్ బ్యాక్ కుకురెయా అందించిన బంతి, ఒయర్సబాల్ గోల్. యూరప్ కప్పు తెచ్చిన రెండు గోల్స్‌కీ దారి వేసింది బ్యాకులే.

వాడికి చూపించాను. వాడు ఒక్క మాట కూడా అనలేదు. రెండోసారి తనే వెనక్కి తిప్పుకుని చూశాడు. సాయంత్రం ఎడమ బ్యాక్ చోటికి వెళ్లి నిలబడ్డాడు.

21 జూలై

మనోలో మార్కెజ్‌ని భారత జట్టు కోచ్‌గా వేశారు. తెలుగువాళ్లకి ఇది ఇంటి కబురు. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిపెట్టిన మనిషి.

ఆ ఫైనల్ 2022 మార్చి 20న, గోవా ఫతోర్డాలో. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో గోలీ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. ఆ రాత్రి నుంచి అందరికీ గుర్తున్నది ఆ ఇద్దరూ, సీజన్ అంతా గోల్స్ కొట్టిన ఓగ్బెచే. నా మనసులో నిలిచింది వెనక వరస. స్టాపర్లుగా స్పెయిన్ జువానన్, మణిపూర్ చింగ్లెన్‌సనా సింగ్. అటూ ఇటూ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, ఇద్దరూ కుర్రాళ్లే. ముందు జొవావ్ విక్టర్. మనోలో ఆ కుర్రాళ్లని వరసగా ఆడించాడు. తర్వాత వాళ్లు దేశం జట్టు దాకా వెళ్లారు. విదేశీ ఫార్వర్డ్‌ని డబ్బుతో కొనొచ్చు. బంతిని మోసే భారతీయ బ్యాక్‌ని మాత్రం ఓపికగా పెంచాల్సిందే. మనోలో చేసిన మేలు ఇదని నా అభిప్రాయం.

17 ఆగస్టు

రహీం గారి పుట్టినరోజు, 1909. ఈ సాయంత్రం పిల్లలకి ఆయన పద్ధతిలో ఆట పెట్టాను. అలవాటు లేని కాలితోనే. మొదట నవ్వులు, తర్వాత చిరాకు. చీకటి పడేసరికి మా లావుపాటి స్టాపర్ ఎడమ కాలితో పదిహేను గజాల పాస్ సరిగ్గా పెట్టాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా చూశారా అని. నేను చూశాను.

4 సెప్టెంబర్

నిన్న రాత్రి గచ్చిబౌలిలో మనోలో మొదటి ఆట. భారత్ 0, మారిషస్ 0. ర్యాంకుల్లో మనకన్నా చాలా కింద ఉన్న జట్టు. మన బ్యాకుల దగ్గర బంతి చాలాసేపు ఉంది, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. బిల్డప్ అంటే ఇది కాదు. ఎదుటి వరసలో ఒక్కణ్ణి కూడా కదిలించని పాస్ లెక్క పెంచుతుంది, ఆట పెంచదు. వాళ్ల రెండు వరసల మధ్య నిలబడ్డ మనవాడికి బంతి చేరాలి. వాడు తిరగలేకపోతే ఒక్క తాకుడుతో పక్కనున్న మూడో మనిషికి వదలాలి. అప్పుడే ఎదుటి గోడ కదులుతుంది.

ఇవాళ్టి తేదీ కూడా గుర్తొచ్చింది. 1962 సెప్టెంబర్ 4, జకార్తా ఫైనల్, దక్షిణ కొరియా మీద 2-1. గోల్స్ పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్. జర్నైల్ అసలు స్టాపర్. థాయ్‌లాండ్ మీద ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ని సెమీఫైనల్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీస్‌లోనూ, ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. ఈ కథ అందరూ చెబుతారు. రెండో సగం ఎవరూ చెప్పరు. జర్నైల్ ముందుకు వెళ్లాలంటే స్టాపర్ చోటు ఎవరో నింపాలి. అక్కడికి అరుణ్ ఘోష్ జరిగాడు. ఆయన వెనక గోల్‌లో మన హైదరాబాద్ పీటర్ తంగరాజ్, జ్వరం నుంచి లేచి ఫైనల్‌కి వచ్చాడు. ఎడమ వైపు ముందు సికింద్రాబాద్ బలరామ్. వెనక అరుణ్ ఘోష్ మీద నమ్మకం ఉంది కాబట్టే రహీం గారు ముందు అంత ధైర్యం చెయ్యగలిగారు. ఏ చోటుకైనా సరిపోయే బ్యాకులు ఉన్నప్పుడే కోచ్‌కి రెండో ఆలోచన ఉంటుంది.

10 సెప్టెంబర్

నిన్న సిరియా మనల్ని 3-0తో కొట్టింది. ఇక్కడ వినాయక చవితి నుంచి వదలని వాన. గ్రౌండ్ లేదు. విచారంగా ఉంది. ఐతే మనోలో మీద అప్పుడే రాళ్లు వెయ్యడం అన్యాయం. రెండు ఆటలకి బిల్డప్ రాదు. పన్నెండేళ్ల వయసులో "బ్యాకులో నిలబడతాను" అన్న కుర్రాడికి పాతికేళ్లొచ్చాక జాతీయ కోచ్ ఎంత నేర్పగలడు?

22 సెప్టెంబర్

జాన్ స్టోన్స్ వీడియో వేశాను. 2023 జూన్‌లో ఇస్తాంబుల్‌లో మాంచెస్టర్ సిటీ ఇంటర్ మీద 1-0తో గెలిచిన ఫైనల్. బంతి ఎదుటివాళ్ల దగ్గరుంటే డిఫెండర్, తమ దగ్గరకొస్తే మిడ్‌ఫీల్డర్. పేరుకి స్టాపర్, ఆటంతా మధ్యలో.

ఒక కుర్రాడు అడిగాడు: "మరి అతను పైకెళ్తే ఎనకాల ఎవలుంటారు మాస్టారూ?"

ఇంత మంచి ప్రశ్న ఈ ఏడాది ఎవరూ అడగలేదు. ముగ్గురు ఉండాలి. ఒకడు పైకి వెళ్లాడంటే మిగిలినవాళ్లు లోపలికి దగ్గరవ్వాలి, బంతి పోయినా గోల్ ముందు ఖాళీ ఉండకూడదు. వెనక కాపలా చూసుకోకుండా ముందుకు నడవమని చెప్పడం బాధ్యత లేని పని. ఆ కుర్రాడు ఇప్పుడు కుడి స్టాపర్. ప్రశ్న చూసి ఇచ్చిన చోటు అది.

16 అక్టోబర్

నిన్న విజయనగరంలో పైడితల్లి సిరిమాను. సగం బొబ్బిలి అక్కడే ఉంది. ఇవాళ సాయంత్రం పక్క ఊరి బడితో ఆట. 1-1.

మా గోల్ రాసుకోవాలి. గోలీ బాక్సులోనే కుడి స్టాపర్‌కి ఇచ్చాడు. ఇద్దరు మీదికొచ్చారు. గట్టు మీది నుంచి "తన్నీరా!" అన్న కేక. వాడు తన్నలేదు. గోలీకి వెనక్కిచ్చాడు, గోలీ ఎడమ కాలి కుర్రాడికి. వాడు గీత వెంబడి నడిచాడు, సగం గీత దాటాడు, ఎదుటి హాఫ్ వాడి మీదికొచ్చాడు, వదిలేసిన మనిషికి పాస్. అక్కడినుంచి రెండు తాకుళ్లలో గోల్. గట్టు మీద కేకేసినాయనే ముందు చప్పట్లు కొట్టాడు. మేం తిన్న గోల్ కూడా అలాంటి పాసే మధ్యలో తెగి వచ్చింది. దానికి నేనెవర్నీ తిట్టలేదు. రేపు కూడా ఆ స్టాపర్లే ఆడతారు.

తోటి పీఈటీ మిత్రులకి, సెలవు రోజుల్లో పిల్లల్ని పోగేసి ఆడించే అన్నలకి నా మనవి ఇది. అక్టోబర్, నవంబర్ నెలల్లో మళ్లీ స్కూలు జట్లు వేస్తారు. అందరికన్నా ముందు స్టాపర్ని ఎంచండి. బలం చూడండి, వద్దనను. దానికన్నా ముందు బంతి వస్తున్నప్పుడు తల ఎత్తి చూస్తున్నాడా లేదా చూడండి. వాడికి రెండు కాళ్లూ నేర్పండి. వాడి పాస్ తెగి గోల్ పడిన రోజున గట్టు మీదివాళ్లకి మీరే సమాధానం చెప్పండి, మర్నాడు మళ్లీ వాణ్ణే దింపండి.